చేపలు పైకొచ్చిన పొద్దున

నా చిన్నప్పుడు జరిగిన ఒక పొద్దుటి సంగతి నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు. మా తాతయ్యకి అన్నీ తెలుసా, నిజంగానే ఏమీ తెలియదా అని ఇన్నేళ్ళుగా నాలో నేనే వాదులాడుకుంటూ ఉంటాను. చెప్తాను, మీరే తేల్చండి.

మాది మొగల్తూరు దగ్గర సముద్రాన్ని నమ్ముకున్న ఇల్లు. కళ్ళు మసకేశాక తాతయ్య వేట మానేసి, ఒక రైతు చేపల చెరువుకి కాపలా ఉండేవాడు. వేటకి మా నాన్న వెళ్ళేవాడు. ఆ ఏడు నాన్న చెల్లెలు, మా చిన్నత్త, ఇంటర్‌లో ఒకేషనల్ కోర్సులో చేరింది. ఆడపిల్లలంతా కుట్టు కోర్సులో ఉంటే ఈవిడగారు మాత్రం చేపల పెంపకం కోర్సులో, మగపిల్లల మధ్య ఒక్కర్తీ. నాన్నకి తల కొట్టేసినట్టుండేది. చేపలు పట్టే ఇంట్లో పుట్టి చేపల గురించి కాలేజీకి వెళ్ళి నేర్చుకోవడమేంటని ఆయన గోల. నాకేమో ఇంకో అయోమయం. మా వీధిలో ప్రతి అమ్మాయికీ లేసు అల్లడం, సూది పట్టడం వచ్చు. మరి కుట్టు కోసం కాలేజీకి వెళ్తే ఎవరూ నవ్వరేం? ఆ మాట అడిగితే అమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

చివరికి, సోమవారం కాలేజీకి వెళ్ళి చిన్నత్తని కుట్టులోకి మార్పించేస్తానని నాన్న తేల్చి చెప్పేశాడు. చిన్నత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు. తాతయ్య అవుననలేదు, కాదనలేదు. ఆయన మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సోమవారం తెల్లవారుతుండగా తాతయ్య చెరువు దగ్గర్నించి వచ్చి అందర్నీ లేపాడు. చేపలన్నీ పైకొచ్చి ఆడుకుంటున్నాయి, చూద్దురుగాని రమ్మన్నాడు. నాన్ననీ చిన్నత్తనీ ఇద్దర్నీ రమ్మన్నాడు. మూడు రోజులుగా పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. నేనూ వెనకాలే పరిగెత్తాను.

చెరువు నిండా మూతులే. బొచ్చె చేపలూ శీలావతులూ నోళ్ళు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. నాకు భలే సరదా వేసింది. ఆకలి మీదున్నట్టున్నాయంటూ నాన్న తవుడు బుట్ట అందుకున్నాడు. చిన్నత్త ఆ బుట్ట పట్టుకుని ఆపేసింది.

"వెయ్యకన్నయ్యా. వాటికి ఊపిరాడట్లేదు."

నాన్న నవ్వాడు. నీళ్ళలో ఉన్న చేపకి ఊపిరాడకపోవడమేంటన్నాడు. సముద్రంలో ఆయన అలాంటిది ఎప్పుడూ చూసి ఉండడు మరి. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన చెరువు వైపు చూస్తున్నాడు. ఎండ లేక నీళ్ళలో గాలి తగ్గిపోయిందని, కొత్త నీళ్ళు పెట్టకపోతే కాసేపట్లో చెరువంతా చచ్చి తేలుతుందని చెప్తూనే చిన్నత్త ఓణీ బిగించి నీళ్ళలోకి దిగిపోయింది. వెదురు గెడతో నీళ్ళు బాదుతూ, కాలవ నీళ్ళు తోడే ఇంజను వెయ్యమని అరిచింది. ఎందుకో నాన్న ఈసారి మారుమాటాడకుండా పరిగెత్తాడు.

కాలవ నీళ్ళు పడుతున్న కొద్దీ మూతులు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళిపోయాయి. అప్పటికే పది పన్నెండు చేపలు చచ్చి పొట్ట పైకి తిప్పేశాయి. నాన్న తవుడు బుట్ట ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. "ఇది ఆ కాలేజీలో చెప్పారా?" అని అడిగాడు. చిన్నత్త తలూపింది. ఆ రోజు నాన్న కాలేజీకి వెళ్ళలేదు. మళ్ళీ కుట్టు మాట ఎత్తలేదు.

అక్కడితో అయిపోతే నాకీ తంటా లేదు. ఇంజను పైపు రోజూ గట్టు మీద చుట్టపెట్టి ఉండేది. ఆ పొద్దున మేం వెళ్ళేసరికే అది కాలవలోకి దించి ఉంది. డీజిలు నిండుగా పోసి ఉంది. ఇది నేను కళ్ళారా చూశాను. చచ్చిన చేపల్ని తట్టలోకి ఏరుతున్న తాతయ్యని, నీకు ముందే తెలుసా అని నిలదీశాను.

"నాకేం తెలుసే పిచ్చిదానా, నేను సముద్రం మనిషిని," అన్నాడు తలెత్తకుండా. ఆ తట్ట తనే రైతు ఇంటికి మోసుకెళ్ళి, తప్పు తనదేనని చెప్పి చీవాట్లు తిని వచ్చాడు.

తెలిస్తే, పరాయివాడి చేపలు గుటకలు వేస్తుంటే ఇంజను వెయ్యకుండా ఇంటికెలా నడిచొచ్చాడు? తెలియకపోతే పైపు ఎవరు దించారు?

కొన్నేళ్ళకి నేనూ ఆ కోర్సులోనే చేరాను. అప్పటికి ముగ్గురం ఆడపిల్లలం. ఇప్పుడు రిటైరయ్యే వయసులో అదే పాఠం చెప్తున్నాను, క్లాసులో సగం జడలే. చేపలు అలా పైకొచ్చినప్పుడు పిల్లల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, ఏం చెయ్యాలో తెలిసినా తెలియనట్టు నిలబడి చూస్తాను. ఇంజను పైపు మాత్రం ముందే కాలవలోకి దింపి ఉంచుతాను. అయినా ఒక్క చేప పొట్ట తిప్పితే చాలు, ఆగలేక నోరు విప్పేస్తాను. తాతయ్య అంతసేపు ఎలా ఆగాడో నాకు ఇప్పటికీ తెలియదు.