ఎర్రగా కనిపించిన సరుగుడు తోట

ఢాబాలో రోటీ పక్కన పెట్టే, వెనిగర్‌లో ఊరేసిన సిర్కా ఉల్లిపాయల ఘాటు తగిలితే చాలు, నాకు మా నాన్న చొక్కా గుర్తొస్తుంది. ఆఫీసులో ఫొటోలు కడిగే గదిలోకి వెళ్ళిన రోజు అక్కడి రసాయనాల వల్ల ఆయన ఒంటి మీద అదే పుల్లటి వాసన. ఉపగ్రహాలు తీసిన నేల చిత్రాలు చూసి ఎక్కడ పంట ఉందో, ఎక్కడ అడవి తరిగిందో, ఏ చెరువు ఎండిందో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ వాసన కోసం ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

ఆ చిత్రాల్లో పచ్చదనమంతా ఎర్రగా, నీళ్ళు నల్లగా పడతాయి. పనికిరావని పక్కన పడేసిన ప్రింట్లు నాన్న ఉత్తరాదిన మేముండే సరోజినీ నగర్ క్వార్టరుకి తెస్తే, అమ్మ వాటితో నా పుస్తకాలకు అట్టలేసేది, పప్పుల డబ్బాల కింద పరిచేది. వాటి మధ్యే పెరిగిన నేను బళ్ళో చెట్టుకి ఎర్ర రంగు పూసి, మా నాన్న ఆఫీసులో చెట్లు ఇలాగే ఉంటాయని టీచరుతో వాదించి తిట్లు తిన్నాను. నాన్న మాత్రం ఆ బొమ్మని బీరువాకి అంటించుకున్నాడు.

రాకెట్ ఎగిరే రోజు మా ఇంట్లో పండగే. ముందు ఆదివారం తెలుగు ప్రార్థన కూటంలో అమ్మ లేచి ఉపగ్రహం కోసం ప్రార్థించమని అడిగేది. పాస్టరుగారు రోగులకీ, పరీక్షలు రాసే పిల్లలకీ మధ్య దాన్ని కూడా ఇరికించేవారు. ఎగిరే రోజు అమ్మ ఆసుపత్రిలో తన నర్సు డ్యూటీ మార్పించుకుని, బెల్లం పరమాన్నం పొయ్యి మీద పెట్టి, తల మీద కొంగు కప్పుకుని టీవీ ముందు కూర్చునేది. అది క్షేమంగా పైకి లేచాక నేను గిన్నె పట్టుకుని ఇంటింటికీ పంచాలి.

"ఆజ్ కౌన్ సా త్యోహార్ హై, బేటా?" అని కింది ఇంటి ఆంటీ ఇవాళ ఏం పండగని అడిగితే, ఏం చెప్పాలో తెలియక "హమారా వాలా", మా పండగే అనేసేదాన్ని.

అమ్మ భక్తంతా దేశం కోసమే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కాకినాడ దాటాక సముద్రం ఒడ్డున అమ్మమ్మకి సరుగుడు తోట ఉండేది. వేసవి సెలవుల్లో వెళితే పగలంతా గాలి హోరు, ఎండు సరుగుడాకుల మంట మీద కాల్చిన చేపలు, జడలో వారం దాకా వదలని ఇసుక. ఆ తోటని సముద్రం ఏటేటా కోసేస్తోందని కబురొచ్చేది. అనుకున్నప్పుడల్లా వెళ్ళి చూసొచ్చే దూరం కాదు గనక, పైనుంచి చూసే ఆ కన్ను మీదే అమ్మ ఆశ పెట్టుకుంది.

ఒక చలికాలం, ఎండలో బఠానీలు ఒలుస్తున్న అమ్మ ఒళ్ళో నాన్న కొత్త చిత్రం పెట్టి, భూతద్దం అందించి, ఒడ్డు వెంట గోరంత ఎర్ర గీత చూపించాడు. అమ్మ దాని మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. మరుసటి ఏడు తెచ్చిన చిత్రంలో సరిగ్గా అక్కడే తెల్లటి మరక.

"ఏవండీ, తోటేదండీ?"

"మబ్బడ్డొచ్చిందే. ఉపగ్రహం మళ్ళీ ఇటేపొస్తాది గదా, అప్పుడు చూద్దాంలే."

తర్వాతి చిత్రంలో గీత కనిపించింది, కాస్త సన్నబడి. ఆ రోజు రాకెట్ ఏదీ ఎగరకపోయినా అమ్మ పరమాన్నం వండింది.

ఇప్పుడు ఆ క్వార్టరు లేదు, ఆ ఎర్ర అట్టలు లేవు, నాన్న లేడు. గ్రేటర్ నోయిడాలో నాతోనే ఉంటున్న అమ్మ, మొన్న ఇంకో ఉపగ్రహం ఎగురుతుంటే కొంగు కప్పుకుని చూసి, "మనూరు చూపించవే" అంది. ఫోన్లో ఉపగ్రహ చిత్రం తీసి, పెద్దది చేసి ఇచ్చాను. అందులో ఎక్కడా మబ్బు లేదు, తేటగా ఉంది. తోట ఉండాల్సిన చోట అంతా నీళ్ళే, అలల నురుగు కూడా కనిపిస్తోంది. అమ్మ వేలు పెట్టింది. బొమ్మ పక్కకి జరిగిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జరిగింది.

"మబ్బడ్డొచ్చినట్టుందే," అంది.

"అవునమ్మా, మబ్బే," అన్నాను.