కారణం అనే గడి

పక్క గదిలో స్కానర్ టకటక మొదలైతే నా టేబుల్ మీది కాఫీ కప్పు సన్నగా అదురుతుంది. ఆ టకటక విన్నప్పుడల్లా డాక్టర్ సుగుణ గారు గుర్తొస్తారు. గుంటూరు నుంచి వచ్చి జర్మనీలో ముప్పై ఏళ్లు పనిచేసిన డాక్టరు. కడుపులోని క్యాన్సర్‌ను సూది గుచ్చకుండా, ముక్క తీయకుండా, స్కాన్‌లోనే కనిపెట్టాలన్నది ఆమె పరిశోధన. అక్కడి కైసర్స్‌లౌటర్న్ యూనివర్సిటీలో చదువు ముగించి ఆమె దగ్గర చేరాను. ఆ స్కాన్లను కంప్యూటర్ చదవగలిగేలా సరిచేయడం, పనికిరానివి తీసేయడం నా పని.

మొదటి వారం శుభ్రమైన స్కాన్లన్నీ గర్వంగా చూపించాను. ఆమె తీసేసినవి అడిగారు. వాటికీ నా దగ్గర పట్టిక ఉంది: నంబరు, తేదీ, కారణం. కారణం కింద అన్నిటికీ ఒకటే మాట, కదలిక. స్కాన్ తీసేటప్పుడు మనిషి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది.

"కదలిక కారణం కాదయ్యా. మనిషి ఎందుకు కదిలాడు? దగ్గొచ్చిందా, భయమేసిందా, నొప్పి పుట్టిందా? వెళ్లి అడుగు."

నాకు జర్మన్ సరిగా రాదన్నాను. నొప్పిని 'ష్మెర్త్స్' అంటారని, ఆ ఒక్క మాట చాలని నవ్వి, నన్ను పేషెంట్లు కూర్చునే గదిలోకి తోశారు. ఒక ముసలాయన వీపు చూపిస్తూ పావుగంట మాట్లాడాడు. సగం అర్థం కాలేదు గానీ, ఆయన గడిలో 'వెన్నునొప్పి' అని రాసుకున్నాను.

రెండేళ్ల తర్వాత, పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల స్కాన్లు కావలసి వచ్చాయి. ల్యాబ్ వాళ్లం, కొందరు విద్యార్థులు ఒక్కొక్కరుగా స్కానర్‌లో పడుకున్నాం. సుగుణ గారూ పడుకున్నారు. ఆమె స్కాన్ చెదిరింది. దిగుతూ నడుం పట్టుకుని, వయసు మీద పడుతోందయ్యా అని నవ్వారు. సదస్సుకు వ్యాసం పంపడానికి మూడు రోజులే ఉంది. ఆమె నంబరు పక్కన 'కదలిక' అని రాసి ముందుకెళ్లాను. తీసేసినవాటిలో చూడాల్సినవేమైనా ఉన్నాయా అని ఆమె అడిగితే, అన్నీ మామూలువేనండి అన్నాను. ఆమె నమ్మారు.

ఏడు నెలలకు ఆమె క్లోమంలో క్యాన్సర్ బయటపడింది; నడుం నొప్పి దానికొక గుర్తు. అప్పటికే కాలేయానికి పాకింది. ఆ పాత స్కాన్ తీసుకుని ఆమె ఇంటికి వెళ్లి, పట్టికలో ఏం రాశానో చెప్పాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. మసకగా ఉంది, అప్పటికే గడ్డ ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను అన్నారు. నేను క్షమాపణ మొదలుపెట్టేలోగా అడిగారు.

"ఇదొక్కటే తెచ్చావేం? మిగతావాళ్లు?"

ఆ ఆరోగ్యవంతుల స్కాన్లలో చెదిరినవి ఇంకో పదకొండు ఉన్నాయి. ఆ మనుషులు నాకు తట్టనేలేదు. మరుసటి రోజు నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎందుకు కదిలారో అడిగి, మళ్లీ స్కాన్‌కు అపాయింట్‌మెంట్ పెట్టించాను. సాయంత్రాలు వెళ్లి ఆమెకు చదివి వినిపించేవాణ్ని. ఒకరికి తుమ్ము, ఒకరికి చలి, ఇద్దరికి నిద్ర పట్టి ఉలిక్కిపాటు. కొత్త స్కాన్ చూసి, "ఇది మంచిదే. తర్వాతది?" అనేవారు. పదకొండు మందీ బాగానే ఉన్నారు. ఆఖరిది చూసిన రెండు వారాలకు ఆమె పోయారు.

పట్టికలో ఆమె వరస ఒక్కటే మిగిలింది. 'కదలిక' చెరిపేశాను. ఆ చోట నొప్పి అని రాయాలంటే ముందు ఆమెను అడిగి ఉండాలి. అన్ని సాయంత్రాలు పక్కనే కూర్చుని అందరి కారణాలూ చదివాను గానీ, మీరెందుకు కదిలారండీ అని మాత్రం అడగలేకపోయాను. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.