మన్నును వెనక్కి పిలిచిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. కడపలో నేను చదువుకునే హాస్టలు ముందు బస్సు ఆపి, మా ఊరి దారిలో తిరిగే కండక్టరు ఆ మాట చెప్పాడు. జ్వరమట. నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది.

ఆమె మా నాయన అన్న భార్య. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా కొండవాలున ఒక చేను. కొర్రయినా జొన్నయినా దాంట్లోనే. పైవాలు చేలు ఒక్కొక్కటే మన్ను కొట్టుకుపోయి, రాళ్ళు తేలి బీడు పడడం ఆమె కళ్ళారా చూసింది. తన చేనూ అట్లా అయితే ఇక ఒకరి చేలో కూలికి వంగాల్సిందే. ఆమె భయమంతా అదే. మబ్బు పడితే మేము ఇంటికి పరుగెత్తేవాళ్ళం, ఆమె పార తీసుకొని చేనికి పరుగెత్తేది.

ఎంత మంచి వానైనా కాస్త మన్నును ఎత్తుకొనే పోయేది. అది కింది చేలోకి దిగేది, మిగిలింది వంకలో పడి పెన్నకు చేరేది. కింది చేను ఆయన నోరు ఊరుకునేది కాదు.

"వదినా, నీ చేను మా ఇంటికి కాపరానికొచ్చింది. ఇంక పంపేది లే."

"వచ్చినదానికి కడుపునిండా పెట్టి సాకప్పా. ఎండలు ముదిరినాక నేనే వచ్చి పిల్చుకపోతా."

అన్నట్టే చేసేది. వేసవిలో ఆయన చేలో మేటవేసిన మన్నును తవ్వి, గంపతో నెత్తిన మోసి పైకి చేర్చేది. ఆయన ఎన్నడూ వద్దనలేదు. కొట్టుకొచ్చిన మన్నును మోసుకోగలిగినవాళ్ళు మోసుకోవచ్చన్నది మా ఊరి వాడుక. సెలవుల్లో నేనూ గంప పట్టేవాణ్ణి. ఆ మన్ను వేళ్ళ మధ్య నలిపితే పిండిలా మెత్తగా ఉండేది. ఒండ్రు అన్న మాట నాకు పుస్తకం కన్నా ముందు ఆమె గంపలో దొరికింది.

నదులు ఒండ్రు తెచ్చి మైదానాలను సారవంతం చేస్తాయన్న పాఠం ఒకసారి ఆమెకు చదివి వినిపించాను. ముచ్చటగా విని, "మంచిదే నాయనా. ఎవురి చేన్లనించి తెస్తాదో గూడా రాసినారా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

కర్నూలు రాజధాని అయిన ఏడు ఆమె పంతం పట్టింది. చుక్క నీరు కూడా చేను దాటకూడదని చేని గట్టును, మా గెనిమను, నడుమెత్తు లేపి, నీళ్ళు పోయే సందును మూసేసింది. గట్టు అంత ఎత్తు వద్దని కింది చేను ఆయన చెప్పినా వినలేదు. పెద్ద వాన వచ్చింది. నిండిన నీళ్ళకు దారి లేక గెనిమ నడిమికి తెగి, ఏళ్ళ తరబడి మోసిన మన్ను ఒక్క పూటలో వంకపాలైంది. చేను మధ్యలో బండ తేలింది. ఆమె ఏడవలేదు. ఆ బండ మీదే కూర్చొని అన్నది:

"నీల్లకు దోవ ఇయ్యాల, మన్నుకు ఇయ్యగూడదు. నేను రెండిట్నీ ఒకే కట్టతో కట్టేస్తి."

తర్వాత గెనిమను తక్కువ ఎత్తులోనే పెట్టి, ఒకచోట నీళ్ళు పొర్లిపోయేలా రాళ్ళు పరిచి, సందుల్లో గడ్డి నాటింది. నీళ్ళు ఆ గడ్డి దగ్గర నెమ్మదించి, మన్నును దించి పోయేవి. బండను మళ్ళీ కప్పడానికి ఆమెకు మిగిలిన ఏళ్ళన్నీ పట్టాయి. పోయినేడు దాని మీద కొర్ర కంకి పట్టింది, కురచగానే అయినా. ఆమె ఎవరి చేనికీ కూలికి పోలేదు.

దినాలు కాకముందే వాన పట్టింది. నాయనా నేనూ పార తీసుకొని వెళ్ళేసరికి కింది చేను ఆయన అక్కడున్నాడు. గెనిమ ఒక పక్క తెగుతుంటే, కప్పుకున్న గోనెపట్ట తీసి గండికి అడ్డం పెట్టి, చేతులతో మన్ను ఎగదోస్తున్నాడు. ఊరుకుంటే ఆ మన్నంతా ఆయన చేలోకే దిగేది. మా నాయన ఆ మాటే అన్నాడు.

ఆయన తలెత్తలేదు. "మీరొచ్చేదాకా వాన నిలబడతాదా అన్నా? పార ఇట్లియ్యి."

గండి పూడింది. వాన వెలిసింది. ఆయన పంచె అంచునుంచి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. చేలో నిలిచిన నీళ్ళు మెల్లగా తేటపడుతుంటే, అడుక్కు దిగుతున్న మన్ను పొరలు పొరలుగా కనిపిస్తోంది.