మొదటి పీరియడ్ ఎవరి పేరున

హెచ్‌వోడీ సారు "కూర్చోమ్మా" అన్నప్పుడే నాకు అర్థమైంది, ఏదో జరగబోతోందని. మూడేళ్లుగా ఆయన గదిలో నిలబడే మాట్లాడాను. కాగితాల మీద సంతకం పెట్టించుకోవడం, బయటికి రావడం, అంతే. ఆయన ఎదుటి కుర్చీలో ఎప్పుడూ పాత జవాబు పత్రాల కట్టలుండేవి. ఆ సోమవారం అవి నేల మీద ఉన్నాయి. కుర్చీ దుమ్ము కూడా తుడిచి ఉంది.

నేను కర్నూలులో ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెబుతాను. కాంట్రాక్టు ఉద్యోగం. వేసవిలో కొనసాగింపు ఉత్తర్వు వస్తేనే మరుసటి ఏడాది ఉన్నట్టు. ఆ ఉత్తర్వు రావాలంటే ముందు శాఖ నుంచి వర్క్‌లోడ్ చార్టు పోవాలి. ఎవరు ఏ పేపరు చెబుతారు, వారానికి ఎన్ని గంటలు అని గీతలు గీసిన ఒక్క కాగితం. కంప్యూటర్ వచ్చునని ఆ పని నేను చేరిన ఏడాదే నాకు అంటగట్టారు. పోయినేటి చార్టు తెరవడం, పైన సంవత్సరం మార్చడం, అందరి ఎదుటా పదహారు గంటలు కనిపించేటట్టు చూసి ఇవ్వడం. పైన ఎవరూ దాన్ని చదివేవారు కాదు.

ఈసారి చదువుతారట. సారు సర్క్యులర్ నా వైపు తిప్పి పెట్టారు. విద్యార్థులు తగ్గారు కాబట్టి రెండు ల్యాబు బ్యాచిలను ఒకటి చేయాలి. ల్యాబులో రెండు గంటలు నిలబడితే క్లాసులో ఒక గంట చెప్పినట్టు లెక్క. పదహారు గంటలు రాని కాంట్రాక్టు వాళ్లకు కొనసాగింపు లేదు. చార్టుతో పాటు గత సెమిస్టరు హాజరు రిజిస్టర్లు కూడా శుక్రవారం మధ్యాహ్నానికి చేరాలి.

మా శాఖలో కాంట్రాక్టు వాళ్లం ఇద్దరమే, నేనూ, నేను అన్నా అని పిలిచే ఇంకొకాయనా. ఇప్పుడున్న పని ఒకరికే సరిపోతుందని సారు అన్నారు. కాగితం అవసరం లేకుండానే లెక్క వేసుకున్నాను. నా పేరున ఎనిమిది గంటలు. ఆ అన్న పేరున పదహారు.

ఆ అన్నది కోసిగి దగ్గర పల్లె. మేమిద్దరం ఒకే వారంలో చేరాము. వారమంతా కర్నూలులో ఒక గదిలో ఉండి శనివారం సాయంత్రం ఊరికి పోతాడు. వాళ్ల వైపు వానలు లేని ఏడు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. అట్లా పోయి తను ఐదో తరగతి రెండుసార్లు చదివానని ఒకసారి చెప్పాడు. ఈ ఉద్యోగం వచ్చాక ఆయన ఇంటి నుంచి ఎవరూ సుగ్గికి పోలేదు. ఇద్దరు పిల్లలూ ఊరి బడిలోనే ఉన్నారు.

నాకూ ఇద్దరు. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు నాలుగు. మా ఆయన మంగంపేటలో ముగ్గురాయి గనుల దగ్గర ఒక ఆఫీసులో పని చేస్తాడు. అక్కడ ఉతికి ఆరేసిన బట్ట సాయంత్రానికి తెల్లగా పొడి పట్టి ఉంటుంది. బాబుకు ఏడాది నిండకముందే ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి. దుమ్ముకు దూరంగా పెంచమని కడపలో డాక్టరు చెప్పాడు. అందుకే పిల్లలను తీసుకుని కర్నూలుకు వచ్చాను. ఈ ఉద్యోగం పోతే ఇక్కడ అద్దె కట్టే దారి లేదు, మంగంపేటకే పోవాలి.

ఇక్కడికి వచ్చాక బాబుకు తగ్గింది గానీ పోలేదు. తెల్లవారే సరికి రొమ్ము ఎగదన్నుతుంది. నెబ్యులైజర్ మాస్కు పెట్టి, ఊపిరి సర్దుకునేదాకా ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. తొమ్మిదింటి మొదటి పీరియడ్‌కు నేను అందుకోలేకపోయేదాన్ని. రెండేళ్ల కిందట, వరుసగా మూడు రోజులు ఆలస్యమైనప్పుడు ఆ అన్నను అడిగాను. నా మొదటి పీరియడ్ పేపర్లు రెండూ ఆయన తీసుకుని, మధ్యాహ్నం తన ల్యాబు గంటలు నాకివ్వగలడా అని.

"దానికేముండాది మేడం. నాకు ఆ స్పిరిట్ వాసన పడదు. మీరే చూసుకోండి ఆ సీసాలు," అన్నాడు. అంతకుముందు ఏడాదంతా ఆ వాసనలోనే ఆయన రోజూ అన్నం తిన్నాడు.

ఇట్లాంటి సర్దుబాట్లు మా దగ్గర నోటిమాటతోనే జరిగిపోతాయి. చార్టులో ఎవరూ మార్చరు. నేను మార్చాను. ఆయన చెప్పే క్లాసుకు నా పేరు ఉండటం మర్యాదగా అనిపించలేదు. ఎవరూ అడగకుండానే ఆ రెండు పేపర్ల ఎదుట నా పేరు తీసి ఆయన పేరు పెట్టాను. ఇప్పుడు బ్యాచిలు కలిసి, మిగిలిన ఒక్కటీ రెగ్యులర్ సారు పేరునే ఉండేసరికి నేను తీసుకున్న ల్యాబు గంటలు లేకుండా పోయాయి. ఇచ్చిన క్లాసు గంటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

సారు కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "చార్టు వేసేది నువ్వే కదమ్మా. నేను కిందుండే టోటలు చూసి సంతకం పెడతా. రిజిస్టర్లు మాత్రం దానికి సరిపోవల్ల," అన్నారు. ఆ మాటకు అర్థమేమిటని నేను అడగలేదు.

బుధవారం అందరూ భోజనానికి వెళ్లాక చార్టు తెరిచాను. రెండు గడుల్లో ఆయన పేరు తీసి నా పేరు టైపు చేశాను. నిమిషం కూడా పట్టలేదు. కిందున్న టోటలు దానంతట అదే మారింది. నాకు పదహారు, ఆయనకు ఎనిమిది. సేవ్ చేసి ఫైలు మూసేశాను. ఆ సాయంత్రం ఫోనులో మా ఆయనతో చెబితే, అందరూ చేసేదే కదా, బాబును చూడు ముందు అన్నాడు. నాకు కావలసిన మాట అదే. అయినా విన్నాక ఫోను తొందరగా పెట్టేశాను.

రిజిస్టర్లు ఎట్లా అడగాలో తెలియక గురువారమంతా ఆయన ఎదుట పడకుండా తిరిగాను. మధ్యాహ్నం ల్యాబులో స్లైడ్లు కడుగుతుంటే ఆయనే వచ్చాడు. చేతిలో దినపత్రికలో చుట్టిన రెండు పొడుగు పుస్తకాలు. సర్క్యులర్ సంగతి ఆయనకూ తెలిసినట్టుంది, చార్టు అయిందా అని అడిగాడు. ఇంకా లేదన్నా అన్నాను.

"అయితే ఇవి తీసుకోండి. మీ చేతిరాతలో కొత్తవి రాసుకోండి. ఆ రెండు పేపర్లు మీ పేరునే వెయ్యండి మేడం. పిల్లోనికి రొమ్ము బాగలేదు, వాణ్ణి ఆ దుమ్ములోకి యాడ తీసకపోతారు?"

మరి మీరు అన్నాను.

"మాకు సుగ్గి అలవాటే కదా," అని నవ్వాడు. "ఎమ్మెస్సీ చదివినోడు కోసినా మిరపకాయ మండేది మండుతాది."

అప్పుడు చెప్పాలి, నిన్ననే మార్చేశానని. కనీసం వద్దని ఒక్కసారైనా అనాలి. తడి చేతులు చీరకు తుడుచుకుని ఆ పుస్తకాలు అందుకున్నాను. పిల్లల్ని బడి మానిపిస్తారా అన్న ప్రశ్న నాలుక మీదికి వచ్చింది. జవాబు తెలుసు కాబట్టి అడగలేదు. ఆయన తలుపు దాకా పోయి, ఫ్యాను రెగ్యులేటర్ షాకు కొడుతోంది, ముట్టుకోవద్దని చెప్పి వెళ్లిపోయాడు.

పిల్లలు పడుకున్నాక రాయడం మొదలుపెట్టాను. ఆయన అక్షరాలు గుండ్రంగా, ఒత్తుగా ఉంటాయి. రాని పిల్లలకు ఎర్ర చుక్క. ఎక్కువ చుక్కలున్న చోట పెన్సిలుతో కారణం కూడా రాసుకున్నాడు, "జ్వరం", "బస్సు లేదు", "వాళ్ల నాయిన పోయినాడు" అని. నేను రెండేళ్లు నా క్లాసులకు రాసిన రిజిస్టర్లలో ఇట్లాంటివి ఒక్కటీ లేవు. పేర్లు రాశాను, చుక్కలు పెట్టాను. బాబును ఆసుపత్రిలో పెట్టిన వారం వచ్చింది. ఆ పేజీ అంచున చిన్నగా ఉంది: "మేడం రాలేదు. ల్యాబు కూడా నేనే."

ఆ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. నేను తిరిగి వచ్చిన రోజున ల్యాబు జరగలేదేమో అనుకుని, మంచిదే అని ఊరుకున్నాను. ఆ ఒక్క వాక్యం నా రిజిస్టరులో రాయడానికి వీల్లేదు. అది వదిలేసి కింది పేరు రాశాను. తక్కినదంతా పూర్తయింది. ఇప్పుడు ఇది రాస్తున్నాను. పక్క గదిలో బాబు ఊపిరి మెల్లగా గీరుకుంటోంది.

*

తెల్లవారింది. బాబు ఒడిలో ఉన్నాడు, మాస్కులోంచి పొగ వస్తోంది. పాపను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. సెలవులు అయినాక అమ్మ పొద్దున్నే కాలేజీకి పోతుందని చెప్పాను. మాస్కు ఎట్లా పట్టుకోవాలో, పొగ ఆగేదాకా ఎందుకు తీయకూడదో చూపించాను. వాడు గింజుకుంటే పాట పాడమన్నాను. కూతలు ఎక్కువైతే పక్కింటి ఖాలాను పిలవమన్నాను. పాప రెండు చేతులతో మాస్కు పట్టుకుని చూసింది. దాని వేళ్లు వాడి చెంపల దాకా చాలలేదు.

"పొద్దున క్లాసులు మామ చెప్తాడు కదమ్మా?" అంది.

"మామ వాళ్ల ఊరికి పోతాండాడు," అన్నాను. "ఆ క్లాసులు మొదటి నుంచీ అమ్మవే."