ఆగలేకపోయాడు, ఆగనన్నాడు

ఫ్రెంచి పోలీసుల ట్రాఫిక్ పదాలను ఇంగ్లీషులోకి అనువదించే పని చేసుకుంటూ మణుగూరు బస్సులో కూర్చున్నాను. పోలీసు చెయ్యెత్తినా ఆగని డ్రైవర్ని ఫ్రెంచిలో 'ఆగడానికి నిరాకరించాడు' అంటారు. పని అప్పగించిన అనువాద కంపెనీ ఇచ్చిన పదాల జాబితా చూసి, 'ఆగలేకపోయాడు' అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాట రాశాను.

ఏన్కూరు దాటాక పక్క సీటులోని ఆవిడ ఏం రాస్తున్నారని అడిగితే తెలుగులో చెప్పాను.

"ఆగలేకపోయిండా?" ఆమె గొంతు మారింది. "మా ఆయన హోంగార్డు, సారూ. బొగ్గు లారీకి చెయ్యెత్తిండు. డ్రైవర్ సూసిండు, అయినా ఆపలే, గుద్దిండు. మా ఆయన పాణం పోయింది. కాయితాలల్ల బ్రేకు పడలేదని రాసిండ్రు. మీరన్నా సక్కగ రాయుండ్రి."

సరేనన్నాను. 'నిరాకరించాడు' అని మార్చి పంపాను. కంపెనీవాళ్లు తమ జాబితాలో అలాగే ఉందని మళ్లీ 'ఆగలేకపోయాడు' అని దిద్దారు. నేను ఒప్పుకుని చివరి ప్రతి మీద సంతకం పెట్టాను.