ఎదురొచ్చిన మనిషి

మా మేనత్త పోయింది. మొన్న డిసెంబరులో, క్రిస్మస్ ఇంకా వారముందనగా, నిద్రలోనే పోయింది. ఆ కబురు నేనే మా నాన్నకు చెప్పాను. ఆయన అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. కత్తి ఆపలేదు. "అది పోయి చాన్నాళ్లయింది. ఇప్పుడు కొత్తగా ఏటి?" అన్నాడు.

ఇది చదివేవాళ్లు నన్ను క్షమించనక్కర్లేదు. నేను శాంతంగా రాయలేను. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. అత్త గురించి ఎంత మెత్తగానైనా రాస్తాను. బతికున్నవాళ్ల గురించి మాత్రం నా చేత కాదు.

అత్తకు పంతొమ్మిదేళ్లు నిండకుండానే మామయ్య జ్వరంతో పోయాడు. ఆయన ఇక్కడే బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫైర్‌మన్. శ్రీకాకుళం వైపు మా ఊళ్లో ఆమెకు ఎవరూ మిగల్లేదు. అందుకని అన్నగారి క్వార్టర్‌కు వచ్చింది. వెనక వరండాలో, బొగ్గుల గోనెల పక్కన చాప ఇచ్చారు. ఇంటిచాకిరీ అంతా ఆమెదే. నాన్న ఇంజన్ డ్రైవరు. ఏ వేళప్పుడు డ్యూటీకి పిలుపొస్తుందో తెలియదు. ఎప్పుడొచ్చినా, ఆయన గుమ్మం దాటి వీధి మలుపు తిరిగేదాకా అత్త కంటికి కనిపించకూడదు. విధవ ఎదురైతే బండికి గండమని ఆయన నమ్మకం. వంటింట్లో తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడేదాన్నని అత్తే నాకు చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు, ఇప్పటికీ రాదు.

ఒక డిసెంబరు పొద్దున ఆమె పంపు దగ్గర్నుంచి నీళ్లు తెస్తుంటే, నాన్న అనుకోకుండా గేటు తీసుకుని బయటికొచ్చాడు. ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆ రోజే యార్డులో ఆయన ఇంజను పట్టాలు తప్పింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆయన్ని కొన్నాళ్లు డ్యూటీలోంచి ఆపారు. సాయంత్రం ఇంటికొచ్చి, చెల్లెలి చీరల మూట వీధిలోకి విసిరేశాడు. అమ్మ అడ్డం పడితే అమ్మనూ తోసేశాడు.

అత్త ఆ మూట పట్టుకుని వీధి పంపు గట్టు మీద కూర్చుంది. అవతలి వరసలో నాలుగైదు తెలుగు క్రైస్తవుల ఇళ్లుండేవి. అందులో, యార్డులో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య నీళ్లకొచ్చింది.

"ఏటమ్మా, ఈ చలిలో ఇక్కడ కూకున్నావు?"

"నువ్వు అటు తిరిగి ఎల్లిపో అక్కా. నేనెదురైతే మంచిది కాదు."

"అచ్ఛా! అయితే నా ఎదరకే రా. ఈ బిందె ఎత్తాల, నాకు నడుం నొప్పి."

అత్త బిందె ఎత్తింది. ఆవిడ వెంట ఆ ఇంటికి వెళ్లింది. తిరిగి మా క్వార్టర్‌కు ఉండడానికి రాలేదు.

నాలుగు రోజులకు క్రిస్మస్ వచ్చింది. పండగైనా ఆ ఇంటాయనకు డ్యూటీ తప్పలేదు. అత్త అలవాటు ప్రకారం తలుపు చాటుకు పోయింది. ఆయన భార్య ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, అన్నం గిన్నె చేతికిచ్చి, "గేటు కాడ ఎదురుగా నిలబడి నువ్వే అందియ్యి" అంది. అత్త ఏడుస్తూ వద్దంది. గిన్నె మూత జారి కిందపడింది. పాయింట్స్‌మన్ మూత తీసి తుడిచి పెట్టుకుని, "నేను రోజూ ఎల్లి వస్తన్నాను. ఇయాల కూడా వస్తాను. సూస్తుండు సెల్లీ" అని వెళ్లాడు.

ఆ రోజంతా అత్త పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఎక్కడ ఇంజను కూత వినిపించినా ఉలిక్కిపడింది. చుట్టూ పిల్లలు కాగితాల నక్షత్రాలు కడుతున్నారు, ఆడవాళ్లు పెద్ద డేగిసాల్లో, వరసంతా ఒకే పంక్తిలో కూర్చుని తినే ప్రేమ విందుకు వండుతున్నారు. సాయంత్రం ఆయన గేటు దగ్గర్నుంచే కేకేశాడట: "ఇదిగో, వొచ్చీసినాను! ఆకలేస్తంది. అన్నం పెట్టు సెల్లీ!"

ఆ రోజు విందు పంక్తిలో ఆమెను నడిమధ్య కూర్చోబెట్టారు. "ఏసుప్రభువు గురించి ఆ రోజు నాకేటీ తెలీదే గుంటా," అనేది అత్త. "ఆ మనిషి తిరిగొచ్చాడు. అంతే తెలుసు."

వాళ్లేమీ దేవదూతలు కారు. పంపు దగ్గర జుట్లు పట్టుకున్న రోజులూ ఉన్నాయి. కానీ ఆ పండగ తర్వాత ఆ వరసలో డ్యూటీకి వెళ్లే ప్రతి మగవాడూ అత్తను పలకరించే వెళ్లేవాడు. రెండేళ్లకు ఆమె బాప్తిస్మం తీసుకుంది. ఆ వారమే మా నాన్న అర్పా నదిలో మునిగి, బతికున్న చెల్లెలి పేర నువ్వులూ నీళ్లూ వదిలి వచ్చాడు. బంధువులందరూ భేష్ అన్నారు. ఒక్కరంటే ఒక్కరు, అందులో తప్పేముందో అడగలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా వరసలో కలరా వచ్చింది. అమ్మ పడిపోయింది. భేష్ అన్నవాళ్లలో ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు. అప్పటికి ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తున్న అత్త ఎవరూ పిలవకుండానే వచ్చింది. పక్కగుడ్డలు మార్చింది, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పట్టింది. బెంగతో నేను అన్నం మానేస్తే, "ముందు తిను, ఏడుపెక్కడికీ పోదు" అని ముద్దలు పెట్టింది. నాన్న వరండాలో కూర్చుని చూస్తూ ఊరుకున్నాడు. అవసరం అలాంటిది.

అమ్మ గండం గడిచింది. అత్త గేటు దాటిందో లేదో, ఇల్లు మైలపడిందని, లేచి నిలబడే ఓపిక లేని అమ్మ చేతే నాన్న పసుపునీళ్లతో గుమ్మం కడిగించాడు. నేను మండిపోతూ పరుగెత్తి అత్తకు చెప్పాను.

"లేచి నీళ్లోసిందా?" అంది అత్త, ముఖం వెలిగిపోతూ. "అయితే మీ అమ్మకి నయమైపోనాదే!"

ఆమె అలా సంతోషించగలిగింది. నాకు ఆ కడిగిన గుమ్మం గుర్తొస్తే ఇవాళ్టికీ పళ్లు బిగుసుకుంటాయి.

అత్తను మట్టిచేసిన రోజున పాయింట్స్‌మన్ శవపెట్టెకు ముందు వైపు భుజం పట్టాడు. రిటైరై, వంగిపోయి, ఒకరి సాయంతో నడిచే మనిషి. రక్తం పంచుకున్న అన్న షెడ్ దగ్గర టీ తాగుతూ కూర్చున్నాడు.

క్రిస్మస్ విందు ఈసారీ ఆగలేదు. యుద్ధం మూలాన నూనె కరువు, కూరలు తక్కువ. నేను వెళ్లి పంక్తిలో కూర్చున్నాను. వడ్డన సగమైనప్పుడు గేటు దగ్గర అమ్మ కనిపించింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ వరసకు రాలేదు.

"నాన్న డ్యూటీ నుంచి వచ్చే వేళైంది కదమ్మా?" అన్నాను.

"రానీ. పొయ్యి ఎలిగించలేదు," అంది.

నా పక్కన నేల మీద కూర్చుని, విస్తరి వేయించుకుని, తలెత్తకుండా కడుపునిండా తింది. చెయ్యి కడుక్కుంది. పాయింట్స్‌మన్ కోడలు నిండునెలల మనిషి, పులుసు బకెట్ మోయలేక ఆయాసపడుతోంది. అమ్మ లేచి ఆ బకెట్ అందుకుంది. కొంగు నడుముకు దోపుకుని, ఒక్కొక్కరి ముందూ వంగి, "ఇంకొంచెం ఏసుకో బాబూ" అంటూ ఆ పొడుగాటి పంక్తి చివరిదాకా వడ్డిస్తూ పోయింది.