లాల్ అహమ్మద్ జంట

రేపల్లె స్టేషన్ వెనక వీధిలో లాల్ అహమ్మద్ ఇంట్లో పొద్దున్నే నాదస్వరాలు మొదలయ్యేవి. ఒకటి సరిగ్గా పలికితే మిగతావి దూడల్లా అరిచేవి. ఆ వీధివాళ్ళ ఓర్పుకు దండం పెట్టాలి. కాకుమాను నుంచీ చీరాల నుంచీ వచ్చిన పేదపిల్లలు ఆ ఇంట్లోనే తిని, అక్కడే పడుకుని విద్య నేర్చుకునేవాళ్ళు. ఆయన పైసా పుచ్చుకునేవాడు కాదు. పైగా నేర్చుకున్నవాడికి నాదస్వరం కూడా తనే కొనిచ్చి పంపేవాడు. పెళ్ళిళ్ళలో సంపాదించినదంతా అలాగే కరిగిపోయేది. ఆయన పక్కన డోలు వాయించేవాణ్ణి నేను, వెంకటకృష్ణయ్యని. కాస్త వెనకేసుకో అన్నా అని ఎంత మొత్తుకున్నా చెవిన వేసుకుంటేగా!

మా పెళ్ళిమేళాల్లో నాదస్వరానికి ఇద్దరు కూర్చోవాలి. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే రెండోవారు అందుకోవాలి. లాల్ అహమ్మద్‌కు జంట ఆయన తమ్ముడు మస్తాన్. అన్న రాగాన్ని సగం పలికి ఆపేస్తే తమ్ముడు మిగతా సగం పూర్తిచేసేవాడు. ఎక్కడ ఆపుతాడో పక్కనే కూర్చున్న నాకు తెలిసేది కాదు, తమ్ముడికి తెలిసేది. తొంభైల చివర్లో మస్తాన్ కామెర్లతో పోయాడు. కొన్నాళ్ళకు వదిన రసూల్‌బీ కూడా పోయింది. పిల్లల్లేరు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళతో ఇల్లు నిండుగానే ఉండేది గానీ, అంతమందిలోనూ ఆయన ఒక్కడే కూర్చున్నట్టుండేవాడు. తనకు మళ్ళీ ఒక జంట దొరికితే చాలని, ఇంకేమీ అక్కర్లేదని నాతో చాలాసార్లు అన్నాడు.

కోరిక అది. చేసే పని మాత్రం దానికి అడ్డం. కాస్త చెయ్యి తిరగగానే ప్రతివాణ్ణీ తనే తిరిగి, అడిగి, బతిమాలి ఏదో ఒక గుడిలో కొలువుకు చేర్పించేవాడు. వాడు వెళ్ళిపోయాక మళ్ళీ సరిగమలతో ఇంకొకణ్ణి మొదలుపెట్టేవాడు. ఇంత మొండిఘటాన్ని నేనెక్కడా చూడలేదు.

షఫీక్ ఒక్కడే చాలాకాలం ఉన్నాడు. చీరాలలో మగ్గం నేసే ఇంటి కుర్రాడు. మాట తక్కువ, సాధన ఎక్కువ. రెండువేల మూడు వేసవిలో బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాం. లాల్ అహమ్మద్ కళ్యాణి వాయిస్తూ సగంలో వదిలేశాడు. షఫీక్ అందుకున్నాడు. ఎంత సరిగ్గా అందుకున్నాడంటే, మస్తాన్ వచ్చాడేమోనని నేను తిరిగి చూశాను. ఆ రోజు తిరుగు బస్సులో ఆయన దారంతా ఏదో ఒకటి చెప్పి నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

రెండేళ్ళు వాళ్ళిద్దరూ జంటగా వాయించారు. ఆ తర్వాత ఒక కొండమీది గుడి నుంచి మనిషి వచ్చాడు. కొలువు ఖాళీ ఉంది, జీతం, ఉండడానికి క్వార్టరు. కుర్రాడు తయారయ్యాడా అని గురువునే అడిగాడు. షఫీక్‌ని అడిగితే గురువుగారు ఎలా అంటే అలాగేనని తల వంచుకున్నాడు.

నేను లాల్ అహమ్మద్‌ని పెరట్లోకి లాక్కెళ్ళాను. ఇంకా కొన్నాళ్ళు పడుతుందని చెప్పు, అది అబద్ధం కూడా కాదు, విద్యకు చివరెక్కడుంది అని నచ్చచెప్పాను. ఆయన తలూపాడు. లోపలికి వచ్చి ఆ మనిషితో, "తయారయ్యాడండి. నాకంటే బాగా వాయిస్తాడు" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషి గుమ్మం దాటగానే నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్క మాటంటే ఉండిపోయేవాడు కదా అన్నాను.

"ఉండమంటే ఉంటాడు కిష్టయ్యా" అన్నాడు ఆయన. "అదే నా భయం."

షఫీక్‌కి మస్తాన్ నాదస్వరం ఇచ్చి పంపాడు. అన్నేళ్ళూ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

తర్వాతి నెలలో తెనాలిలో పెళ్ళి. జంట మేళమని ఒప్పుకున్నాం. మిగతా పిల్లలెవరికీ ఇంకా చెయ్యి తిరగలేదు, వెళ్ళింది ఒక్క నాదస్వరం. రెండోవారేరి అని పెళ్ళికూతురి తండ్రి సణిగాడు. లాల్ అహమ్మద్ అలవాటు ప్రకారం పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చున్నాడు. మోహన ఎత్తుకున్నాడు. బాగా సాగుతోంది. ఉన్నట్టుండి సగంలో ఆపేశాడు.

ఆపి, పక్కకు చెవి పెట్టి కూర్చున్నాడు.

గబగబా డోలు మీద నాలుగు దెబ్బలు వేసి ఆ ఖాళీ పూడ్చేశాను. కాసేపటికి ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ సగంలో ఆపాడు. మళ్ళీ నేనే పూడ్చాను. మేళం అయిపోయిందనుకుని మైకు సెట్టు అతను సినిమా పాట పెట్టాడు. పంతులుగారు చెయ్యెత్తి గట్టిమేళం అన్నప్పుడు మాత్రం లాల్ అహమ్మద్ ఎక్కడా ఆగకుండా వాయించాడు.

మధ్యాహ్నం రేపల్లె ప్యాసింజర్ ఎక్కాం. పెట్టె సగం ఖాళీగా ఉంది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. రైలు కదిలాక ఆయన, తను ఆపినప్పుడల్లా డోలు ఎందుకు వాయించావని అడిగాడు. పదిమందిలో తేలిపోకూడదని వాయించానన్నాను.

"అక్కడ వాయించకు కిష్టయ్యా" అన్నాడు. "నువ్వు వాయిస్తుంటే వాడు నాకు వినపడ్డం లేదు."

వాడంటే మస్తానో షఫీకో నేను అడగలేదు. ఆ మరుసటి పెళ్ళి అంగలకుదురులో. సగంలో ఆయన ఆగాడు. జనం తలలు తిప్పి మావైపు చూశారు. నేను డోలు మీద చేతులు పెట్టుకుని ఊరుకున్నాను.